పూర్వ విద్యార్థి ఇచ్చే రూపాయి ఎవరి కోసం?

సంక్రాంతి సెలవులు వచ్చాయంటే జిల్లా పత్రికల నిండా పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలే. ఫలానా ఏడాది పదో తరగతి బ్యాచ్ పాతికేళ్లకు కలుసుకుంటుంది. గురువులకు శాలువాలు కప్పుతారు, చనిపోయిన సహాధ్యాయుల కోసం రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు, బడికి మంచినీళ్ల ప్లాంటో, ప్రొజెక్టరో, సరస్వతీదేవి విగ్రహమో ఇచ్చి, భోజనాలు చేసి గ్రూపు ఫొటో దిగుతారు. ప్రభుత్వ బడి అయితే ఇందులో అనుమానపడాల్సిందేమీ లేదు. ఇచ్చిన వస్తువు ఊరిది. ప్రైవేటు బడి దగ్గరికి వచ్చేసరికి లెక్క చిక్కుపడుతుంది. అక్కడ చెప్పిన చదువుకు అమ్మానాన్నలు అప్పుడే ఫీజు కట్టేశారు. మళ్లీ ఇవ్వడం దేనికి? ఇచ్చింది బడికి చేరుతుందా, బడి నడిపేవారి ఆస్తిలో కలుస్తుందా? బడి పెరిగిందంటే ఏం పెరిగినట్టు? ఆ పెరుగుదల ఎటు పోవాలో తేల్చేది ఎవరు? మన దగ్గరా బయటి దేశాల్లోనూ ఉన్న అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది. పూర్వ విద్యార్థుల డబ్బు తనంతట తాను ఏ బడినీ మంచి బడిగా చేయలేదు. బడి ఎవరి కోసమో ముందే తేల్చుకున్న నాయకత్వం ఉన్నచోట మాత్రమే అది పనికొచ్చింది. ఆ డబ్బులో మొదటి వాటా ఫీజు కట్టలేని పిల్లవాడికీ, చదువు చెప్పే మనిషికీ చెందాలి. గేటుకూ ఆడిటోరియానికీ ఆ తర్వాతే.

ముందు ప్రైవేటు బడి ఆర్థిక స్వరూపం చూడాలి. తెలంగాణలో బడికి పోయే పిల్లల్లో సగానికి పైగా ప్రైవేటు బడుల్లోనే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ వాటా చిన్నదేమీ కాదు. చట్టం లెక్కన ఈ బడులేవీ వ్యాపారాలు కావు. సొసైటీయో ట్రస్టో నడపాలి, లాభాలు పంచుకోకూడదు. విద్యాసంస్థ తన అభివృద్ధికి సరిపడా మిగులు ఉంచుకోవచ్చు గానీ లాభాపేక్ష కూడదని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే క్యాపిటేషన్ ఫీజును నిషేధించే చట్టం వచ్చింది. 1994 జనవరి 1 నాటి జీవో 1 అయితే ఫీజు రాబడిని ఎలా ఖర్చుపెట్టాలో శాతాలతో సహా రాసిపెట్టింది: సగం జీతాలకు, నిర్వహణకు 15, అభివృద్ధికి 15, సిబ్బంది గ్రాట్యుటీ, పీఎఫ్ వంటి వాటికి మరో 15, యాజమాన్యానికి 5. కాగితం మీద ఇంత శుభ్రంగా ఉన్న ఏర్పాటు కింద నడిచేది చాలాచోట్ల కుటుంబ వ్యాపారమే. సొసైటీలో సభ్యులంతా బంధువులు. భవనం కరస్పాండెంటు ఇంట్లోవాళ్ల పేరున ఉంటుంది, సొసైటీ దానికి అద్దె కడుతుంది. హెడ్‌మాస్టర్ జీతగాడు, బడికి పేరు తెచ్చేది ఆయనే అయినా చెక్కు మీద సంతకం ఆయనది కాదు. ఇలాంటి బడికి పూర్వ విద్యార్థులు గది కట్టించి ఇస్తే, ఆ గది చివరికి ఎవరి ఆస్తి అవుతుందో అడగకపోవడం మర్యాద అనుకుంటాం. అడగకపోవడం వల్లే మన దగ్గర పూర్వ విద్యార్థుల సాయం ఫొటో దాటి ముందుకు పోలేదు.

తెలుగు నేల మీద పూర్వ విద్యార్థుల పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల, చాలా ఏళ్లు అడోబీని నడిపిన శంతను నారాయణ్, మాస్టర్‌కార్డ్‌ను నడిపి తర్వాత ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడైన అజయ్ బంగా, కెనడాలో ఫెయిర్‌ఫాక్స్ కంపెనీని నిలబెట్టిన ప్రేమ్ వత్స, క్రికెట్ వ్యాఖ్యాత హర్షా భోగ్లే అక్కడ చదివినవారే. ఆ జాబితా కన్నా ఆ బడి చరిత్ర నాకు ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది. 1923లో ఏడో నిజాం కాలంలో అది జాగీర్దార్స్ కాలేజీగా పుట్టింది. పేరులోనే ఉంది ఎవరి కోసమో: జాగీర్దార్ల కొడుకుల కోసం. 1949లో హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్లు రద్దయ్యాయి. అంటే బడి ఎవరి కోసం పుట్టిందో ఆ వర్గమే చట్టం లోంచి మాయమైంది. అప్పుడు ఆ సంస్థ మూతపడవచ్చు, లేదా పాత ప్రభువుల క్లబ్బుగా మిగిలిపోవచ్చు. 1951లో అది పబ్లిక్ స్కూల్‌గా మారి తలుపులు తీసింది. 1988లో ఆడపిల్లలను చేర్చుకుంది. ప్రభుత్వ ఖర్చుతో గిరిజన, దళిత పిల్లలు లాటరీ పద్ధతిలో అక్కడ సీటు తెచ్చుకునే ఏర్పాటూ వచ్చింది. ఈ నూరేళ్లలో ఆ బడి నిజంగా పెరిగిన సందర్భాలు ఇవే. ప్రతిసారీ పెరిగింది గోడల విస్తీర్ణం కాదు, లోపలికి రాగలిగేవారి పరిధి. 1951 నిర్ణయాన్ని పాత విద్యార్థుల ఓటుకు పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

పేరుమోసిన పూర్వ విద్యార్థుల జాబితా బడి గొప్పదనానికి రుజువు అవుతుందా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. ప్రాస్పెక్టస్‌లు అలాగే చెబుతాయి. నాదెళ్ల తన పుస్తకంలో బడి క్రికెట్ మైదానం నేర్పిన పాఠాల గురించి రాశారు, అది నిజమే అయి ఉంటుంది. కానీ ఆయన తండ్రి బి.ఎన్. యుగంధర్ ఐఏఎస్ అధికారి, చదువు రాజ్యమేలే ఇల్లు. అలాంటి ఇంటి పిల్లవాడు ఏ బడిలో చదివినా పైకి వచ్చేవాడా అన్న ప్రశ్నకు జాబితా జవాబు చెప్పదు. జవాబు చెప్పగలిగే పని ఒకటి మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే జరిగింది. పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 180 గ్రామాల్లో లాటరీ వేసి, కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టే వోచర్లు ఇచ్చి, నాలుగేళ్ల పాటు గమనించారు. ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. లాటరీలో గెలిచి ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలకూ ప్రభుత్వ బడిలో ఉండిపోయిన పిల్లలకూ తెలుగులో, లెక్కల్లో తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం వెళ్లినవారు బాగా ముందున్నారు. అయితే ప్రైవేటు బడి ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. దీన్ని ప్రైవేటు బడిని తిట్టడానికీ వాడుకోవచ్చు, పొగడటానికీ వాడుకోవచ్చు. నేను తీసుకునేది మూడో సంగతి. ఆ తక్కువ ఖర్చు ఎక్కడి నుంచి వచ్చింది? ప్రధానంగా ఉపాధ్యాయుల జీతం లోంచి. పల్లె ప్రైవేటు బడి టీచర్ జీతం ప్రభుత్వ టీచర్ జీతంలో చిన్న భాగం. ఏటేటా టీచర్లు మారే బడిలో, పాతికేళ్ల తర్వాత శాలువా కప్పడానికి గురువెవరైనా మిగిలి ఉంటారా? ఉపాధ్యాయుణ్ని నిలబెట్టుకోలేని బడికి పూర్వ విద్యార్థులు ఉంటారు గానీ, వాళ్ల మనసులో బడి ఉండదు.

డబ్బు బోధనను మార్చిన సందర్భం చరిత్రలో ఉందా అంటే, అందరూ చూపించేది అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీని. 1781లో పుట్టిన బడి. 1930లో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అనే సంపన్నుడు అక్కడి ప్రిన్సిపాల్ లూయిస్ పెరీకి పెద్ద మొత్తం ఇవ్వజూపాడు. బడి మొదట పంపిన ప్రణాళికతో ఆయన తృప్తిపడలేదు. ఉన్న పద్ధతికే మెరుగులు దిద్దడానికి ఆయన డబ్బు ఇవ్వదలచుకోలేదు. ఎనిమిది మంది పిల్లలు టీచరుతో కలిసి ఒక బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకునే పద్ధతి కావాలని, చురుకైనవాడితో పాటు నోరు తెరవడానికి జంకే సగటు పిల్లవాడు కూడా అందులో పాలుపంచుకోవాలని ఉత్తరం రాశాడు. బడి మళ్లీ ఆలోచించింది. అదే ఏడాది నవంబరులో 58 లక్షల డాలర్లు వచ్చాయి. తరగతికి పన్నెండు మంది చొప్పున అండాకారపు బల్లల చుట్టూ చదువు మొదలైంది; అందుకు టీచర్ల సంఖ్య పెంచారు, గదులు మార్చారు. నేటికీ ఆ బల్లను హార్క్‌నెస్ బల్ల అనే అంటారు. ఇందులో గమనించాల్సిన చిన్న విషయం, హార్క్‌నెస్ ఆ బడి పూర్వ విద్యార్థి కాడు. ఆయన చదివింది సెయింట్ పాల్స్‌లో. పూర్వ విద్యార్థి అయి ఉంటే తాను చదివిన రోజులు ఉన్నవి ఉన్నట్టు నిలవాలని కోరుకునేవాడేమో, చెప్పలేం. దాత గట్టిగా ప్రశ్నించాడు, ప్రిన్సిపాల్ ఆ ప్రశ్నను తీసుకుని తన ఉపాధ్యాయులతో కలిసి దాన్ని పనిగా మార్చాడు. దాత తరగతి గదిలోకి వచ్చి పాఠం ఎలా చెప్పాలో నిర్దేశించలేదు. పేరు పెట్టించుకునే దాతృత్వం ఎక్కడైనా ఉంటుంది. ఈ ఉదంతంలో పేరు మిగిలింది గోడ మీద కాదు, పాఠం చెప్పే తీరు మీద.

ఆ దేశంలోనే మరో దారి కూడా ఉంది, మనకు అది ఇంకా దగ్గరి దారి. 1993లో పత్రికాధిపతి వాల్టర్ అన్నెన్‌బర్గ్ తాను చదువుకున్న న్యూజెర్సీలోని పెడ్డీ స్కూలుకు పది కోట్ల డాలర్లు ఇచ్చాడు. అందులో పెద్ద భాగం ఫీజు కట్టలేని పిల్లల సాయానికి పనికొచ్చింది. 2007లో పెన్సిల్వేనియాలోని జార్జ్ స్కూలుకు బార్బరా డాడ్ ఆండర్సన్ అనే పూర్వ విద్యార్థిని 12 కోట్ల 85 లక్షల డాలర్లు వాగ్దానం చేసింది, ఇరవై ఏళ్లలో విడతలుగా ఇచ్చేలా. ఆమె తండ్రి వారెన్ బఫెట్‌కు పాఠం చెప్పిన ప్రొఫెసర్ డేవిడ్ డాడ్. ఆ సంపద బఫెట్ కంపెనీ షేర్ల నుంచి వచ్చింది. ఫిలిప్స్ ఆండోవర్ 2007లో, ఎక్సెటర్ 2021లో, పిల్లవాడి ఇంటి ఆదాయం చూడకుండా ముందు సీటు ఇచ్చి, తర్వాత కావలసినంత సాయం చేసే విధానానికి మారాయి. తరతరాలుగా పోగైన మూలనిధి ఉంది కాబట్టే ఇవి సాధ్యమయ్యాయి, మనకెక్కడివి అన్ని కోట్లు అనిపించవచ్చు. అయితే లెక్క వేసి చూడండి. ఏడాదికి లక్ష రూపాయల ఫీజు ఉన్న బడి అనుకుందాం. మూలనిధిని బ్యాంకులో వేస్తే ఏడు శాతం వడ్డీ వస్తుందనుకుని, ధరల పెరుగుదల కోసం మూడు శాతం అసలుకే కలిపితే, నాలుగు శాతం ఖర్చుపెట్టవచ్చు. అంటే 25 లక్షల నిధితో ఒక పిల్లవాడికి ఎప్పటికీ ఫీజు కట్టవచ్చు. ఒక బ్యాచ్‌లో యాభై మంది తలా యాభై వేలు వేసుకుంటే ఆ నిధి తయారు. ఆత్మీయ సమ్మేళనానికి రిసార్టు, డీజే, మెమెంటోలు, ప్రయాణాలు కలిపితే కొందరికి అయ్యే ఖర్చు దీనికి మరీ దూరంలో లేదు. ప్రొజెక్టరు నాలుగేళ్లలో మూలపడుతుంది. ఆ సీటు మాత్రం ప్రతి పదేళ్లకొక కొత్త పిల్లవాణ్ని పదో తరగతి గట్టెక్కిస్తుంది.

నాయకత్వం సంగతి వేరుగా చూడాలి, ఎందుకంటే ఈ లెక్కలన్నీ ప్రిన్సిపాల్ స్థానంలో ఉన్న మనిషి మీద ఆధారపడి నడుస్తాయి. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. డబ్బు పిఠాపురం మహారాజాది. మామూలుగా అయితే రాజావారి మాటే శాసనం. అక్కడ జరిగింది తలకిందులుగా: మహారాజా ప్రిన్సిపాల్‌ను గురువుగా భావించాడు. ఆడపిల్లలను కళాశాలలో చేర్చుకోవడం, దళిత విద్యార్థుల వసతి, అనాథ శరణాలయం, ఇవన్నీ దాత సంపద మీద ఆచార్యుడి ఆలోచన నడిచిన ఫలితాలు. దీనికి మరో వైపు మచిలీపట్నంలో కనిపిస్తుంది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యలు కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. మగ్గం, చిత్రకళ, చేతిపని, పుస్తకం కలిసిన చదువు. ప్రమోద్ కుమార్ చటర్జీ వంటి చిత్రకారుడు అక్కడ బోధించాడు. కోపల్లె 1922లో చనిపోయారు. ఆ తర్వాత అడివి బాపిరాజు వంటివారు ప్రిన్సిపాల్‌గా వచ్చినా మొదటి ఊపు తిరిగి రాలేదు. ఒక మనిషి ప్రాణం మీద నడిచే సంస్థ ఆ మనిషితోనే కుంగుతుంది. ఇవాళ మన ప్రైవేటు బడుల్లో చాలావాటికి మొదటి తరం వ్యవస్థాపకులు వయసు మీదపడి తప్పుకుంటున్నారు. వాళ్లలో మంచి ఉపాధ్యాయులు ఎందరో. ఇంటి వరండాలో పాతికమందితో మొదలుపెట్టి బడిని నిలబెట్టినవారున్నారు. వాళ్ల తర్వాత కుర్చీ ఎవరిది అంటే జవాబు కొడుకు లేదా అల్లుడు. చదువు చెప్పడం మీద ఆసక్తి వారసత్వంగా వస్తుందన్న పూచీ లేదు కదా. బయటి సభ్యులున్న పాలకమండలి, కాలపరిమితి ఉన్న ప్రిన్సిపాల్ పదవి, నియామకానికి బహిరంగ ప్రకటన ఉంటే తప్ప ఆ బడికి ఇచ్చే నిధి దీర్ఘకాలం నిలుస్తుందని నమ్మలేం.

పెరుగుదల అంటే మన ప్రాంతంలో స్థిరపడిన అర్థం కొత్త బ్రాంచి. నెల్లూరులో 1979లో నారాయణ, విజయవాడలో 1986లో శ్రీచైతన్య మొదలయ్యాయి. పోటీ పరీక్షల శిక్షణను వందల బ్రాంచీలకు విస్తరించిన తీరు నిర్వహణ రీత్యా అసాధారణం, ఒప్పుకోవాలి. మధ్యతరగతి కుటుంబాలకు ఇంజినీరింగ్ సీటు దారి చూపించిన మాటా నిజం. ఈ నమూనాలో పూర్వ విద్యార్థికి మాత్రం చోటు లేదు. ర్యాంకు వచ్చినవాడి ఫొటో ఒక ఏడాది ప్రకటనలో ఉంటుంది, మరుసటి ఏడాది ఇంకొకడు వస్తాడు. దీనికి పూర్తిగా వేరైన పెరుగుదల మదనపల్లె దగ్గరి రిషివ్యాలీది. 1926లో పుట్టిన ఆ జిడ్డు కృష్ణమూర్తి బడిలో నేటికీ పిల్లలు కొన్ని వందల మందే. కానీ ఆ లోయలోని చిన్న ఊళ్ల కోసం వై.ఎ. పద్మనాభరావు, రామ దంపతులు తయారుచేసిన బోధన పద్ధతి, అంటే ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు కార్డుల సాయంతో ఎవరి వేగంతో వారు నేర్చుకునే పద్ధతి, 1990లలో కర్ణాటకలో నలి–కలిగా, తర్వాత చెన్నై కార్పొరేషన్ బడుల ద్వారా తమిళనాడంతా పాకింది. ఖరీదైన వసతి పాఠశాల తన సీట్లు పెంచకుండా లక్షలాది ప్రభుత్వ బడి పిల్లల తరగతి గదిలోకి వెళ్లగలిగింది. ఏ బ్రాంచి లెక్కలోనూ ఈ పెరుగుదల కనపడదు. రిషివ్యాలీ కలిగినవారి పిల్లల బడే అన్న విమర్శ ఉంది, అది నిజం. నిజమైనప్పటికీ, కలిగినవారి బడి చేయదగిన పని ఏమిటో ఆ బడే చూపించింది.

ఇక్కడే అసలైన అభ్యంతరం ఎదురవుతుంది. ప్రైవేటు బడిలో చదివినవాడే కొంత పైమెట్టు మీద పుట్టాడు. వాడు తిరిగి అదే బడికి డబ్బు ఇస్తే ఉన్నవాడికే మరింత పెట్టినట్టు, ఆ డబ్బేదో ఊరి ప్రభుత్వ బడికి ఇవ్వకూడదా? ఈ వాదానికి బరువు ఉంది. ఇంగ్లండ్‌లోని ఈటన్‌ను 1440లో ఆరో హెన్రీ 70 మంది పేద విద్యార్థుల ఉచిత చదువు కోసం పెట్టాడు. శతాబ్దాలు గడిచేసరికి అది దేశంలోకెల్లా కలిగినవారి బడి అయింది. దానం మీద పుట్టిన బడి దానాన్ని మర్చిపోవడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు. 2025 జనవరి నుంచి బ్రిటన్ ప్రభుత్వం ప్రైవేటు బడి ఫీజుల మీద 20 శాతం వ్యాట్ వేయడం వెనక ఉన్న కోపానికి కారణం అదే. మరి డబ్బంతా ప్రభుత్వ బడులకు మళ్లిస్తే? పెడ్డీకి పది కోట్లు ఇచ్చిన ఏడాదే అన్నెన్‌బర్గ్ అమెరికా ప్రభుత్వ బడుల సంస్కరణకు 50 కోట్ల డాలర్లు ప్రకటించాడు. చికాగో, న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ వంటి నగరాల్లో ఖర్చుపెట్టారు. చికాగోలో పరిశోధకులు తర్వాత చూస్తే, సాయం అందిన బడుల పిల్లలు మొత్తం మీద మిగతా బడుల పిల్లలకంటే మెరుగుపడ్డట్టు కనిపించలేదు. అంత పెద్ద వ్యవస్థలో ఎవరో ఒకరు వేసే డబ్బు ఆనవాలు లేకుండా పోతుంది. కాబట్టి ప్రభుత్వ బడికి ఇవ్వొద్దని నేననను. ఇవ్వాలి, అడగాలి కూడా. కానీ ప్రైవేటు బడికి ఇచ్చే రూపాయి అన్యాయం కాకుండా ఉండాలంటే ఒకే మార్గం, అది ఆ బడి గేటు దాటలేని పిల్లవాణ్ని లోపలికి తేవాలి. విద్యాహక్కు చట్టంలోని 12(1)(సి) నిబంధన ప్రైవేటు బడుల్లో పావు వంతు సీట్లు బలహీన వర్గాల పిల్లలకివ్వాలని 2010 నుంచి చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో దాని అమలు 2022–23లో గానీ ఊపందుకోలేదు, తెలంగాణలో ఇంకా ఆలస్యమైంది. ఆ సీటు వచ్చిన పిల్లవాడికి ప్రభుత్వం ఇచ్చే ఫీజు బస్సుకు, యూనిఫారానికి, పుస్తకాలకు చాలదు. ఆ తేడా పూడ్చడం పూర్వ విద్యార్థులకు చేతనైన పని.

రెండో అభ్యంతరం బడి లోపలి నుంచి వస్తుంది. డబ్బిచ్చినవాడు ఊరుకోడు, ఫలానావాడికి సీటివ్వమంటాడు, ఫలానా టీచర్‌ను తీసేయమంటాడు, మా రోజుల్లో ఇలా లేదంటాడు అని ప్రిన్సిపాళ్లు భయపడతారు. భయం వట్టిది కాదు. పూర్వ విద్యార్థి మనసులో బడి తాను వదిలిన సంవత్సరంలోనే ఆగిపోయి ఉంటుంది. మాధ్యమం మారినా, ఆడపిల్లలను చేర్చుకున్నా, పాత హౌసుల పేర్లు తీసేసినా మొదటి గొడవ వాళ్ల దగ్గరి నుంచే. అందువల్ల పాలకమండలిలో వాళ్లకు ఒకటి రెండు స్థానాలు మించకూడదు, అదీ ఎన్నికతో, కాలపరిమితితో. అంతమాత్రాన వాళ్లను ఫొటోకు, చెక్కుకు పరిమితం చేయడం ఇంకా పెద్ద తప్పు. న్యూయార్క్‌లోని హోరేస్ మాన్ స్కూలులో దశాబ్దాల కింద పిల్లలపై జరిగిన లైంగిక అకృత్యాలు 2012లో ఒక పూర్వ విద్యార్థి రాసిన పత్రికా వ్యాసంతో బయటపడ్డాయి. స్వతంత్ర విచారణకు బడి ఒప్పుకోకపోతే పూర్వ విద్యార్థులే పూనుకుని విచారణ జరిపించి 2015లో నివేదిక వెలువరించారు. బడిలో ఉన్న పిల్లవాడు మాట్లాడలేడు. తల్లిదండ్రులు టీసీకి, మార్కులకు భయపడతారు. టీచర్ ఉద్యోగానికి భయపడతాడు. భయపడనక్కర్లేనివాడు పూర్వ విద్యార్థి ఒక్కడే. హాస్టళ్లలో పిల్లల ఒత్తిడి గురించి మన దగ్గర ఎన్ని వార్తలు వచ్చినా, అదే హాస్టల్లో ఉండి బయటపడిన వేలమంది నోరు విప్పిన సందర్భాలు ఎన్ని?

ఆచరణలో ఉన్న ఇబ్బందులు కొన్ని చట్టానివి, వాటిని త్వరగా చెప్పేస్తాను. అమెరికాలో ఉన్న తెలుగువారు బడికి డబ్బు పంపాలంటే వాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో ముఖ్యం. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సంపాదన నుంచి పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్నవారు పంపితే అది విదేశీ విరాళమే. బడి సొసైటీకి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, 2020 సవరణ ప్రకారం ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ఖాతాలోనే పడాలి. స్నేహితుడి సొంత ఖాతాకు పంపి అక్కడి నుంచి బడికి ఇప్పించడం చాలామంది చేస్తున్నదే గానీ, అది బడిని చిక్కుల్లో పడేసే పని. ఇక్కడ ఉన్నవారికి 80జి మినహాయింపు కొత్త పన్ను విధానంలో లేదు, కాబట్టి ఆ విధానంలో ఉన్నవారెవరూ పన్ను ఆదా చూసి ఇవ్వరు. ఇచ్చేది నమ్మకం మీదే. ఆ నమ్మకానికి ఆడిట్ లెక్కలు తప్ప వేరే ఆధారం లేదు. బడిని కుటుంబ ఆస్తిగా నడిపే కరస్పాండెంటు లెక్కలు చూపించడు, అది ఆయన ఇష్టం. అటువంటప్పుడు బడికి ఇవ్వాల్సిన బాధ్యత పూర్వ విద్యార్థికి లేదు. బ్యాచ్ పేరున సొంత ట్రస్టు రిజిస్టర్ చేసుకుని, పిల్లవాడి ఫీజును నేరుగా కట్టి రశీదు పిల్లవాడి పేరున తీసుకోవచ్చు. యాజమాన్యం మారినా, బడి అమ్ముడుపోయినా నిధి ఉంటుంది, మరో బడిలో మరో పిల్లవాడికి పనికొస్తుంది.

ఈ వేసవిలో ఏదో ఒక ఊళ్లో మళ్లీ సమ్మేళనం పెట్టుకుంటున్న మిత్రులకు ఒక మనవి. షీల్డులకు ఆర్డరు ఇచ్చేముందు కరస్పాండెంటును కలిసి గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు అడగండి. ఈ ఏడాది ఫీజు లేకుండా చదువుతున్న పిల్లలు ఎందరో, పదేళ్లకు పైగా పనిచేస్తున్న టీచర్లు ఎందరో, వాళ్లకు పీఎఫ్ కడుతున్నారో లేదో కనుక్కోండి. జవాబులు బాగుంటే నిధి బడి పేరున పెట్టండి, ఖర్చుపెట్టే అధికారం ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి, ఏటా లెక్క చెప్పమనండి. జవాబులు రాకపోతే నిధి మీ దగ్గరే ఉంచుకుని, ఆ బడి బయట ఆగిపోయిన పిల్లవాణ్ని వెతికి పట్టుకోండి.